పై అరలో గాజు గ్లాసు

ఆ వీధిలో అందరూ ఆయన్ని కళ్ళాయన అంటారు. చూపు గొప్పదని కాదు. కళ్ళజోడు తీస్తే ఎదురుగా ఉన్నది పెళ్ళామో పోస్ట్‌మానో కూడా పోల్చుకోలేడు. ఆయన పని కళ్ళు తయారుచేయడం. ప్రమాదంలోనో జబ్బుతోనో ఒక కన్ను పోగొట్టుకున్నవాళ్ళకు, మిగిలిన కంటికి జోడీగా పెట్టుడు కన్ను చేసి ఇస్తాడు. అది చూడదు కానీ చూస్తున్నట్టే ఉంటుంది. పెళ్ళయి ఏడాది గడిచినా మొగుడి రెండు కళ్ళలో అసలుది ఏదో తెలుసుకోలేని ఇల్లాలు ఒకామె ఉందని జనం చెప్పుకుంటారు. ఇందులో సగం కోతలే అయ్యుంటాయి. కళ్ళాయన మాత్రం ఎప్పుడూ కాదనలేదు. పొగడ్త గుమ్మం దాకా వస్తే లోపలికి పిలిచి కుర్చీ వేసే రకం.

ఇంటి ముందుగదే వర్క్‌షాపు. తండ్రి నుంచి వచ్చింది. పెద్ద కిటికీ పక్కన ఎదురెదురుగా రెండు కుర్చీలు ఉంటాయి. ఒకదాంట్లో కన్ను కావలసిన మనిషి కూర్చుంటాడు, రెండోదాంట్లో ఆయన. ముందు మెత్తటి ముద్దతో కంటి గుంట అచ్చు తీస్తాడు. దాన్నిబట్టి తెల్లగుడ్డు పోత పోస్తాడు. తర్వాత చొక్కా గుండీ అంత బిళ్ళ తీసుకుని, ఎదుటి మనిషికి మిగిలిన కంట్లోకి చూస్తూ, దాని మీద పొర తర్వాత పొర రంగు వేస్తాడు. మనిషి ఎదురుగా లేకుండా రంగు ముట్టుకోకూడదన్నది తండ్రి పెట్టిన నియమం. అన్నిటికన్నా చివర ఎర్ర పట్టుదారాన్ని వెంట్రుకకన్నా సన్నటి పోగులుగా విడదీసి తెల్లగుడ్డు మీద నరాల్లా పరుస్తాడు. ఆ ఎర్రపోగులు లేకపోతే ఎంత రంగు వేసినా అది గోళీకాయే. పోగులు పడ్డాక మాత్రం దాన్ని బల్ల మీద పెట్టి వెనక్కి తిరగాలంటే ఎవరికైనా వీపు జలదరిస్తుంది.

ఆ దారం తెచ్చి ఇచ్చేది ఆయన చెల్లెలు. వీధి చివర దారాల దుకాణంలో పని చేస్తుంది, ఆ దుకాణం పైనే రెండు గదుల్లో ఒంటరిగా ఉంటుంది. ఎవరైనా గుడ్డముక్క పట్టుకుని దుకాణానికి వస్తే, ఆమె ఒక్కసారి చూసి, గోడ నిండా ఉన్న ఉండల్లోంచి సరిగ్గా ఆ రంగే తీసి చేతిలో పెడుతుంది. వెలుగులోకి తీసుకెళ్ళి పోల్చి చూసుకునే పని లేదు. అదీ ఒంటికన్నుతో. ఆమె ఎడమ కన్ను అన్నయ్య చేసి పెట్టిందే.

కొన్నేళ్ళకోసారి గుంట మారుతుంది కాబట్టి కన్నూ మార్చాలి. ప్రతిసారీ కళ్ళాయనే చేసి పెడతాడు. చెల్లెలికి కన్నుగా నిలిచిన అన్న అని పాస్టరుగారు ఒకసారి పీఠం మీంచే అన్నారు. ఆ రోజు చర్చిలో ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. కళ్ళాయన తల వంచుకున్నాడు. వినయం అనుకున్నారంతా.

అసలు సంగతి ఇది. ఆయనకు పదహారేళ్ళు, చెల్లెలికి పదేళ్ళు ఉన్నప్పుడు తండ్రి బయటికి వెళ్తూ ఇత్తడి అచ్చులు కడగమని చెప్పాడు. ఆ అచ్చులు యాసిడ్‌తో కడుగుతారు. యాసిడ్ సీసా కింది బీరువాలో తాళం వేసి ఉంటుంది, దాన్ని మంచినీళ్ళు తాగే పాత్రలో మాత్రం ఎప్పుడూ పోయకూడదని తండ్రి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. కుర్రవాడికి తొందర, బయట స్నేహితులు ఎదురుచూస్తున్నారు. చేతికి దొరికిన గాజు గ్లాసులో పోశాడు. అంతలో తండ్రి అడుగుల చప్పుడు విని, గ్లాసును గోడ అలమార పై అరలో, రంగుల సీసాల వెనక దాచాడు. వచ్చింది తండ్రి కాదు, ఇంకెవరో. అయినా గ్లాసు సంగతి మరిచిపోయి వీధిలోకి పోయాడు. చెల్లెలికి రంగులంటే ప్రాణం. అప్పటికే తండ్రి ఆమెను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఈ కంటికి ఏ రంగు తక్కువైందో చెప్పు అని అడిగేవాడు. ఆ పిల్ల మునివేళ్ళ మీద నిలబడి నీలిరంగు సీసా కోసం చెయ్యి పైకి చాపింది.

కుర్రవాడు ఇంటికి తిరిగొచ్చేసరికి అరుపులు, జనం; గ్లాసు ఒరిగి పిల్ల ఎడమ కంట్లో యాసిడ్ పడింది. గ్లాసు పైన పెట్టిందెవరని తండ్రి అడిగాడు.  "తనే పెట్టింది నాన్నా. యాసిడ్‌తో ఆడొద్దంటే వినలేదు" అన్నాడు కుర్రవాడు. జ్వరంతో పడి ఉన్న పిల్లకు ఆ రోజు సంగతి ఒక్కటీ గుర్తు లేదు. లేచాక ఇంట్లోవాళ్ళు ఏది చెబితే అదే నమ్మింది. మాట వినని పిల్ల ఈ గది గడప తొక్కకూడదన్నాడు తండ్రి. అలమార పీకించేశాడు. విద్యంతా కొడుక్కి నేర్పాడు.

ఇక వాళ్ళ చర్చి పద్ధతి చెప్పాలి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో అక్కడ మూడో వారాన్ని సమాధానపడే వారం అంటారు. ప్రభువు వచ్చేలోగా హృదయం సిద్ధం చేసుకోవాలంటే నేల తుడిచి గోడలకు సున్నం కొడితే చాలదు, ఎవరికి అన్యాయం చేశామో వాళ్ళ గుమ్మం ఎక్కి చేసిన తప్పు నోటితో చెప్పాలి. అవతలి మనిషి క్షమించాను అనాలి. తర్వాత ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకోవాలి. చాలామంది తేలికపాటి తప్పులే ఎంచుకుంటారు. పాస్టరమ్మగారి దగ్గరికి ఏటా నలుగురైదుగురు వచ్చి, మీ గురించి చాటున ఏదో అన్నామని చెప్పి వెళ్తారు. ఆమె ఏమన్నారని అడగదు, పాపం.

కళ్ళాయన గుమ్మం ప్రతి ఏడూ ఎక్కేది ఒక్క మనిషే. చెల్లెలు.

"అన్నయ్యా, ఆ రోజు నీ మాట వినలేదు. నా తప్పుకి నాన్న మనసు విరిగిపోయింది, ఇల్లంతా ఏడ్చింది. నన్ను క్షమించు" అంటుంది.

"క్షమించానమ్మడూ" అంటాడు ఆయన.

నలభై ఏళ్ళ పైమాట, ఇదే వరస. మొదట్లో ఆ మాట గొంతుకు అడ్డం పడేది. తర్వాత తర్వాత అలవాటైంది. ఇది రాసేవాడికి ఆయన మీద కోపం లేకపోలేదు. కానీ అలవాటైన అబద్ధం ఎంత సుఖంగా ఉంటుందో తెలియనివాళ్ళు ఎవరు గనక.

ఆ ఏడాది ఆగమన కాలం మొదలైన వారంలోనే లారీ డ్రైవరు ఒకాయన వచ్చాడు. నెల కిందట కుడి కన్ను పెట్టించుకున్న మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఈ కన్నుతో కనిపించదని చెప్పారు కదా."

"కనిపించదు. ఒక్కోసారి మెరుపులు, చుక్కలు, రంగులు ఆడినట్టు ఉంటుంది. పోయిన కన్ను జ్ఞాపకం అది. అందరికీ ఉండేదే, భయపడకండి."

"మెరుపులు కాదు సార్. అలమార కనిపిస్తోంది."

కళ్ళాయన కడుగుతున్న బ్రష్ చేతిలోనే ఆగింది.

"కళ్ళు రెండూ మూసుకుంటే ఇటువైపు చెక్క అలమార వస్తోంది" అని డ్రైవరు కుడి కణత మీద వేలు పెట్టుకున్నాడు. "పాత కాలంది. పై అరలో రంగుల సీసాలు. వాటి వెనక గాజు గ్లాసు. గ్లాసులో నీళ్ళలాగే ఉంటుంది, కానీ నీళ్ళు కాదని నాకెందుకో తెలుస్తోంది. మా ఇంట్లో అలాంటి అలమారే లేదు. మా ఆవిడ నాకు మందు ఎక్కువైందంటోంది. మానేసి ఏడాదైంది సార్."

కళ్ళాయన కన్ను తీయించి చూశాడు. నునుపుగా ఉంది, గీత కూడా లేదు. కడిగి, మెరుగుపెట్టి మళ్ళీ పెట్టాడు. నిద్ర సరిగ్గా పోవడం లేదేమో అన్నాడు. డ్రైవరు కళ్ళు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. "ఉంది సార్, ఇంకా అక్కడే ఉంది" అని చెప్పి, మెట్లు చూసుకుంటూ దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఆయన భోజనం సరిగ్గా చేయలేదు. "ఏమండీ, ఉప్పు ఎక్కువైందా?" అని భార్య అడిగింది. లేదన్నాడు. "తక్కువైందా?" అంది. లేదన్నాడు. "మరి సరిపోయిన ఉప్పుకి ఆ మొహమేంటి" అంది ఆవిడ. ఆయన నవ్వలేదు.

రెండో వారంలో టీచరమ్మ వచ్చింది. చిన్నపిల్లల బడిలో చెప్పే మనిషి, ఏడాదిగా ఆయన చేసిన కన్నే పెట్టుకుంటోంది. తనకు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉందంటూనే చెప్పింది. కళ్ళు మూసుకుంటే చిన్న పిల్ల చెయ్యి కనిపిస్తోందట. మోచేతి దాకా గౌను చెయ్యి, వేళ్ళకు పసుపురంగు అంటి ఉంది. ఆ చెయ్యి నెమ్మదిగా పైకి, ఇంకా పైకి వెళ్తోందట.

"రోజుకి కొంచెం చొప్పున పైకి పోతోందండీ. క్లాసులో పిల్లలు చెయ్యెత్తినా నాకు గుండె ఆగిపోతోంది. ఆపమని అరవబోతే నోరు పెగలడం లేదు."

"పైన ఏముంది?" అని అడిగాడు కళ్ళాయన. అడిగాక నాలుక కరుచుకున్నాడు.

టీచరమ్మ ఆయన వైపు వింతగా చూసింది. "పైన ఏదో ఉందని మీకెలా తెలుసు?"

ఆయన నీళ్ళు నమిలాడు. చెయ్యి పైకి పోతోందన్నారు కదా అని ఏదో సర్దిచెప్పాడు. ఆమె నమ్మినట్టు కనబడలేదు. ఆ తర్వాత రోజుల్లో కిటికీలోంచి చూస్తే, బడికి వెళ్తూ ఈ ఇంటి ముందుకు రాగానే రోడ్డు దాటి అవతలి వైపు నడిచి వెళ్ళేది.

ఆ వారమే ఇంకొకటి జరిగింది. బల్ల సొరుగుల్లో దూది మీద కళ్ళు వరసగా ఉంటాయి. కొన్ని ఎవరూ తీసుకెళ్ళనివి, కొన్ని సగంలో ఉన్నవి. అన్నిటినీ నల్లగుడ్డు నేరుగా పైకి ఉండేలా సర్దడం ఆయనకు అలవాటు. పొద్దున సొరుగు లాగితే అన్నీ ఒక్క పక్కకు తిరిగి ఉన్నాయి. సరిచేశాడు. మర్నాడూ అంతే. అవి చూస్తున్న వైపు చూస్తే గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడకే ఒకప్పుడు అలమార ఉండేది. సున్నం ఎన్నిసార్లు వేసినా మేకుల గుంటలు నాలుగు చోట్ల కొంచెం లోతుగా కనిపిస్తూనే ఉంటాయి.

"బల్లి దూరుంటుందండీ" అంది భార్య.

"బల్లి ఒక కన్ను దొర్లిస్తుంది గానీ అన్నిటినీ ఒకే వైపు తిప్పుతుందా?"

"మరీ పనిమంతురాలైన బల్లేమో" అంది ఆవిడ. అని, తనే ఆ సొరుగు వైపు ఇంకోసారి చూసి, చేతిలో చీపురు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళింది. ఆ రోజు నుంచి ముందుగది ఊడవడం మానేసింది.

కళ్ళాయనకు భయం పట్టుకుంది. డ్రైవరుదో టీచరమ్మదో కాదు భయం. ఆ ఏడు చెల్లెలికి కొత్త కన్ను చేయాల్సిన ఏడు; పాతదాని మీద ఎర్రపోగులు ఎప్పుడో అరిగి వెలిసిపోయాయి. గుంట అచ్చు ముందే తీసి ఉంచాడు. ఇక రంగు వేసి, దారం పరిచి, పెట్టడమే. ఊరివాళ్ళకు ముక్కలు ముక్కలుగా కనిపిస్తున్నది, ఆమెకు పెడితే ఎంత కనిపిస్తుంది? గ్లాసు పట్టుకుని పైకి లేచే చెయ్యి ఎవరిదో కూడా కనిపించదా? ఒక్క మాట మీద నిలబెట్టుకున్న బతుకు, ఆ ఒక్క కంట్లో కూలిపోతుందేమో అనుకున్నాడు. ముందు తనే వెళ్ళి చెప్పొచ్చు కదా అంటే, ఆ ఆలోచన కూడా వచ్చింది. వచ్చినదాన్ని గుమ్మంలోనే నిలబెట్టి పంపేశాడు.

చివరికి ఆయన ఆ వృత్తిలో ఉన్నవాడు చేయకూడని పని చేశాడు. ఫ్యాక్టరీలో తయారయ్యే రెడీమేడ్ కళ్ళు పెట్టెలో వస్తాయి, చెప్పుల్లాగా సైజుల వారీగా. తండ్రి వాటిని ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. కళ్ళాయన ఒక పెట్టె తెప్పించి, చెల్లెలి కంటికి దగ్గరగా ఉన్నదాన్ని ఏరి, అంచులు అరగదీసి, అచ్చుకు సరిపోయేలా చేశాడు. అందులో ఆయన రంగు లేదు. ఆమె దారం లేదు. ఇక ఏమీ కనిపించదు అనుకున్నాడు. మనిషి తెలివి ఇలాంటి చోటే బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

సమాధానపడే వారం మొదటి రోజునే చెల్లెలు వచ్చింది. మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతున్న వేళ. గదిలోకి మాత్రం రాలేదు, గడప అవతలే నిలబడింది. తండ్రి పోయి ఎన్నేళ్ళయినా, కన్ను పెట్టించుకోవడానికి తప్ప ఆ గదిలో అడుగు పెట్టదు. అదీ, రమ్మని పిలిస్తేనే. వేరే పని మీద వస్తే దారం గుమ్మం దగ్గరే ఇచ్చి పోతుంది.

"రా అమ్మడూ, కూర్చో. కన్ను సిద్ధంగా ఉంది" అన్నాడు.

ఆమె కూర్చుంది. ఆయన కన్ను అరచేతిలో పెట్టి చూపించాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఇది నువ్వు చేసింది కాదు అన్నయ్యా."

"నేనే చేశాను."

"నీ గోధుమరంగులో ఆకుపచ్చ ఉంటుంది. ఇందులో లేదు. నరాలు కూడా గీసినవి, దారం కాదు." ఆమె గొంతులో కోపం లేదు. "చేతనవడం లేదా? ఒంట్లో బాలేదా? చెప్పు, ఫరవాలేదు. నాకు ఇదైనా చాలు."

ఆ చివరి మాట ఆయనకు సూటిగా తగిలింది.  ఆమె ఏటా చెప్పే మాట కోసం చేతులు జోడించుకుంది. అయితే ఈసారి వెంటనే మొదలుపెట్టలేదు.

"ప్రతి ఏడూ ఒకే ముక్క చెప్పి పోతాను కదా. ఈసారి ఉన్నదంతా చెప్తాను, విను. నాకు ఆ రోజు ఏమీ గుర్తు లేదు. గుర్తులేని తప్పుకి పశ్చాత్తాపపడటం ఎంత కష్టమో నీకు తెలీదు. మీరందరూ చెప్పారు కాబట్టి ఒప్పుకున్నాను. కానీ లోపల వెతికితే ఏమీ దొరకదు. ఏడుపు కూడా సరిగ్గా రాదు. మొన్న పాస్టరయ్యగారు హృదయం తెరవండి అన్నారు. నేను తెరిచాను, అన్నయ్యా. లోపల ఖాళీ. అందుకని ఈ ఆగమనం మొదలైన ఆదివారం నుంచీ దేవుణ్ణి ఒకటే అడుగుతున్నాను. దుకాణంలో దారాలు చుడుతూ కూడా అదే అడుగుతున్నాను. ప్రభువా, ఆ రోజు నేనేం చేశానో నాకు చూపించు అని."

కళ్ళాయన ఆమె చేతుల వైపు చూశాడు. ఆమె ఒళ్ళో కాగితం పొట్లం ఉంది, అందులో కొత్త ఎర్రదారం ఉండ. డ్రైవరు కంట్లో ఉన్నదీ, టీచరమ్మ కంట్లో ఉన్నదీ, సొరుగుల్లో గోడ వైపు తిరిగిన ప్రతి కంట్లో ఉన్నదీ ఈ చేతులు చుట్టిన దారమే. అడిగింది ఈమె, జవాబు అందరికీ అందుతోంది. ఈమెకు తప్ప. ఈమెకు అందకుండా ఇందాకటి దాకా అడ్డం నిలబడింది తను.

"నన్ను క్షమించు అన్నయ్యా" అంది ఆమె.

ఆయన నోరు తెరిచాడు. అలవాటైన మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. దాన్ని అనడం ఎంత తేలికో ఆ క్షణంలో తెలిసి ఆయనకు తన మీదే అసహ్యం వేసింది.

"గ్లాసు పైన పెట్టింది నేను" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. ఆయన మళ్ళీ చెప్పాడు, ఈసారి మొత్తం. తాళంచెవి, యాసిడ్, అడుగుల చప్పుడు, బయట స్నేహితులు, తండ్రి అడిగిన ప్రశ్న, తను ఇచ్చిన జవాబు. చెబుతున్నంతసేపూ నేల వైపే చూశాడు. కళ్ళు చేసేవాడికి ఒక కంట్లోకి చూసే ధైర్యం లేకపోయింది.

ఆమె జోడించిన చేతులు విడదీసింది.

"అయితే నేను పెట్టలేదు" అంది ఆమె.

"లేదు."

"నువ్వు వద్దనలేదు."

"నేను ఇంట్లోనే లేను."

ఆమె తల ఊపింది. లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా ఇంకా రెండుసార్లు ఊపింది. "నాన్న పోయే ముందు నన్ను దగ్గరికి పిలిచాడు. చెయ్యి పట్టుకుని, నిన్ను క్షమించానే అన్నాడు. ఆ మాట పట్టుకుని బతికాను ఇన్నాళ్ళూ. చలికి దుప్పటిలా కప్పుకున్నాను." ఆమె ఆగింది. "ఆ మాట నాది కాదన్నమాట. నీకు రావాల్సింది. నాన్నకి ఇప్పుడెవరు చెప్తారు?"

 ఆయన కుర్చీలోంచి జారి మోకాళ్ళ మీద పడ్డాడు. "నన్ను క్షమించు అమ్మడూ" అన్నాడు. పద్ధతి ప్రకారం ఆమె క్షమించాను అనాలి. ఆమె లేచింది. ఎడమ కన్ను వేళ్ళతో నెమ్మదిగా తీసి బల్ల మీద పెట్టింది. పాతది, ఆయన చేసిందే. గుమ్మం దాటి, తల ఎత్తుకుని, ఖాళీ గుంటతోనే వీధిలోకి వెళ్ళిపోయింది. పెట్టుడు కన్ను లేకుండా ఆమెను ఆ వీధి ఎప్పుడూ చూడలేదు.

భార్య లోపలి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంత విందో ఆయన అడగలేదు. ఆమె ఆ రోజు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆమెకు చేతకాని పని కాబట్టి, ఆ ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించడం కష్టమైంది.

ఆదివారం చర్చికి చెల్లెలు అలాగే వచ్చింది. నల్లద్దాలు లేవు, కొంగు కప్పుకోలేదు. పిల్లలు తల్లుల వెనక్కి నక్కారు. పెద్దవాళ్ళు చూసీ చూడనట్టు పాటల పుస్తకాలు తిరగేశారు. ఆమె వచ్చి ఎప్పటిలాగే అన్నయ్య ఉండే బెంచీలోనే, ఆయన పక్కనే కూర్చుంది. అటువైపు నుంచి చూస్తే ఆయనకు కనిపించేది ఆ గుంటే. పాటలు అయ్యేదాకా, వాక్యం చెప్పడం అయ్యేదాకా అది ఆయన పక్కనే ఉంది. చూడలేని చోటు నుంచి తనను చూస్తున్నట్టే అనిపించింది.

ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు ఉండబట్టలేక దగ్గరికి వచ్చింది. "అయ్యో, ఇదేంటమ్మా? మీ అన్నయ్య కొత్త కన్ను ఇంకా ఇవ్వలేదా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నడుస్తూ నడుస్తూ ఆగారు.

"మా అన్నయ్యనే అడగండి" అంది ఆమె.

అందరి కళ్ళూ ఆయన వైపు తిరిగాయి. అన్ని కళ్ళు, అసలువి, ఒకేసారి. ఇంకో అబద్ధం చెప్పడానికి చోటుంది. పని ఆలస్యమైందంటే నమ్ముతారు. చెల్లెలు కూడా కాదనదు, ఆయనకు తెలుసు. ఆమె ఆయన్ని పట్టివ్వడానికి రాలేదు. ఆయన ఏం చెబుతాడో వినడానికి వచ్చింది.

"ఆ కన్ను పోయింది నా వల్ల" అన్నాడు కళ్ళాయన. వెనకున్నవాళ్ళకు వినబడలేదని ఇంకోసారి చెప్పాడు. "యాసిడ్ గ్లాసు దాచింది నేను. ఆ నేరం ఈ పిల్ల మీద వేశాను. మీరందరూ నన్ను మెచ్చుకున్నారు, నేను ఊరుకున్నాను. ఏటా ఇది వచ్చి నన్ను క్షమించమంటే, క్షమించాను అన్నాను."

 పాస్టరుగారు పీఠం దగ్గర నిలబడే ఉన్నారు. ఎప్పుడో తను అన్న మాట గుర్తొచ్చిందేమో, ఆయనా తల దించుకున్నారు. జనం ఒక్కొక్కరే చెల్లెలి వైపు చూశారు, ఆమె ఇప్పుడు చెప్పాల్సిన మాట కోసం. ఆ చర్చిలో అంతవరకూ తప్పు ఒప్పుకున్నాక ఆ మాట రాకుండా ఎప్పుడూ పోలేదు.

"నాకు రావడం లేదు" అంది ఆమె, అందరికీ వినబడేలా. "అబద్ధంగా అనమంటే అంటాను."

"వద్దు" అన్నాడు అన్న.

సోమవారం పొద్దున డ్రైవరు ఫోన్ చేశాడు. గ్లాసు కనిపించడం లేదని చెప్పాడు. అలమార ఉందట, సీసాలు ఉన్నాయట. "ఇప్పుడు అక్కడ చిన్న పిల్ల నిలబడి ఉంది సార్. ఇటు తిరిగింది. రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి. ఏదో అడుగుతున్నట్టు చూస్తోంది, అంతే. భయమేం లేదు గానీ, జవాబు చెప్పాలనిపిస్తోంది." కళ్ళాయన ఫోను పెట్టేసి అలాగే కూర్చుండిపోయాడు.

తల ఎత్తేసరికి చెల్లెలు గుమ్మంలో ఉంది. దుకాణానికి వెళ్ళే వేళ, కానీ సంచి లేదు. ఆయన రమ్మనలేదు. రమ్మనే హక్కు తనకు లేదనిపించింది. ఆమె ఒక్క క్షణం గడప వైపు చూసి, పిలవకుండానే లోపలికి వచ్చింది. తిన్నగా వెళ్ళి కిటికీ పక్కన, తండ్రి కూర్చునే కుర్చీలో, ఇన్నేళ్ళూ అన్న కూర్చున్న కుర్చీలో కూర్చుంది.

"నా కంటికి రంగు నేనే వేసుకుంటాను. అద్దం పెట్టు. పని నాకు రాదు. ఏది ముందో, ఏది తర్వాతో నువ్వు చెప్పు. రంగు మాత్రం చెప్పకు."

ఆయన అద్దం తెచ్చి నిలబెట్టాడు. ఖాళీ బిళ్ళ ఆమె ముందు పెట్టాడు. సీసాలు వరసగా తీసి పెట్టాడు. ఆమె బ్రష్ పట్టుకున్న తీరు పదేళ్ళ పిల్లలాగే ఉంది, వేళ్ళన్నీ బిగించి. మొదటి పొర ముద్దలా పడింది. ఆయన చెయ్యి సాయానికి లేవబోయింది, ఆపుకున్నాడు. ఆమె దాన్ని గీకి మళ్ళీ వేసింది, మళ్ళీ గీకింది. మధ్యాహ్నానికి బిళ్ళ మీద గోధుమరంగు అడుగున సన్నగా ఒక వెలుగు వచ్చింది. అది తన చేతికి ఎన్నేళ్ళయినా రాని వెలుగని ఆయనకు తెలిసింది. ఇంత విద్య ఈ పిల్ల దగ్గర్నుంచి లాక్కున్నానా అనుకున్నాడు. ఆయన ఏడ్చాడు. ఆమె చూసింది, ఊరుకోమనలేదు.

"ఆ మాట క్రిస్మస్ లోపు వస్తుందా?" అని అడిగాడు చివరికి. అడగకూడదని తెలిసే అడిగాడు.

ఆమె అద్దంలో తన కంటిలోకే చూసుకుంటోంది.

"తెలీదు అన్నయ్యా. వస్తే నీకే ముందు చెప్తాను" అంది. "తర్వాత ఏ పొర?"

ఆయన చెప్పాడు.